ఏ చట్టం కింద అడుగుతున్నారు? కోకా సుబ్బారావు గారి తీర్పులు, మన స్వేచ్ఛ

(రాజమండ్రి సభలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళు చదువుకుంటారని రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, మిగతాది మాట్లాడినట్టే ఉంచాం.)

అందరికీ నమస్కారం అండి. బాబూ, వెనక నిలబడ్డవాళ్ళు ఈ పక్కకి రండి, కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. లా కాలేజీ పిల్లలు కదా, మీరే ముందు కూర్చోవాలి ఇవాళ.

ఒక్క ప్రశ్నతో మొదలెడతాను. ఈ ఊళ్ళో పుట్టినాయన భారతదేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఎంతమందికి తెలుసు? చేతులెత్తండి. ... సరే, పెద్దవాళ్ళవే ఎక్కువ లేచాయి. కోకా సుబ్బారావు గారండి. 1902 లో ఇక్కడ పుట్టారు. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక గుంటూరులో హైకోర్టు పెడితే దానికి మొదటి చీఫ్ జస్టిస్, 1958 లో సుప్రీంకోర్టుకి వెళ్ళారు, 1966 లో దేశానికే చీఫ్ జస్టిస్. ఆయన జీవిత చరిత్ర చెప్పడానికి నేను రాలేదు. ఆయన ప్రభుత్వాన్ని పదే పదే ఒక ప్రశ్న అడిగారు, ఏ చట్టం కింద చేస్తున్నారు ఈ పని అని. ఆ ప్రశ్న ఇవాళ మనం అడగడం మానేశాం, అదే నా బాధ, అందుకే వచ్చాను.

ఖరక్ సింగ్ అని ఉత్తరప్రదేశ్ లో ఒకతను. 1941 లో ఒక దోపిడీ కేసులో పోలీసులు అతన్ని పట్టుకెళ్ళారు. సాక్ష్యం దొరకలేదు, వదిలేశారు. గుర్తుపెట్టుకోండి, శిక్ష పడలేదు, అసలు విచారణ దాకా కూడా రాలేదు. కానీ స్టేషన్లో అతని పేరు మీద హిస్టరీ షీట్ తెరిచారు. మన దగ్గర రౌడీ షీట్ అంటాం చూడండి, అలాంటిది. ఇక అక్కడ్నించి రాత్రిళ్ళు గ్రామ చౌకీదారు, కానిస్టేబుళ్ళు ఇంటికొచ్చి తలుపు బాదడం, గట్టిగా కేకలెయ్యడం, నిద్రలేపడం. కొన్నిసార్లు నిద్రలోంచి లేపి స్టేషన్ దాకా నడిపించుకెళ్ళి నేనిక్కడే ఉన్నానని చెప్పించుకోవడం. పక్క ఊరికి వెళ్ళాలంటే ఎక్కడికెళ్తున్నాడు ఎప్పుడొస్తాడు అని చెప్పి వెళ్ళాలి, ఇతను అక్కడికి చేరేలోపే అక్కడి స్టేషన్ కి కబురు వెళ్ళిపోతుంది. ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు, అర్ధరాత్రి లాఠీతో తలుపు మీద కొడుతుంటే ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. ఒకరోజు కాదు, ఏళ్ళ తరబడి.

అతను సుప్రీంకోర్టుకి వెళ్ళాడు. 1962 డిసెంబర్లో తీర్పు. కోర్టు ముందున్న ప్రశ్న చాలా చిన్నది. పోలీసులు ఇదంతా ఏ చట్టం కింద చేస్తున్నారు? జవాబేంటో తెలుసా? ఏ చట్టమూ లేదు! పోలీసు శాఖ తన కోసం తాను రాసుకున్న రెగ్యులేషన్స్, అంతే. అసెంబ్లీ చేసిన చట్టం కాదు, ఎవరూ ఓటెయ్యలేదు, ఎవరూ చర్చించలేదు. ఆరుగురు జడ్జీలూ ఇది చట్టం కాదనే ఒప్పుకున్నారు. కానీ నలుగురు ఏమన్నారంటే, రాత్రిపూట ఇంట్లోకి రావడం మాత్రం తప్పు, అది కొట్టేస్తున్నాం, బయట నిఘా పెట్టడం, వెంట తిరగడం, ఎక్కడికెళ్తున్నాడో రాసుకోవడం వీటివల్ల అతని హక్కేమీ పోలేదు, ప్రైవసీ అని మన రాజ్యాంగంలో హక్కు లేదు అన్నారు.

సుబ్బారావు గారు ఒప్పుకోలేదు. జస్టిస్ షా గారు ఆయనతో నిలబడ్డారు. సుబ్బారావు గారు రాసింది నా మాటల్లో చెప్తాను. పోలీసువాడి చూపు వీపు మీద ఉండగా నడిచే నడకని స్వేచ్ఛ అని ఎలా అంటాం? అలాంటివాడికి దేశమంతా జైలే అన్నారు. శరీరాన్ని కట్టేస్తేనే స్వేచ్ఛ పోయినట్టు కాదు, మనిషి మనసు మీద భయం కూర్చోబెడితే అది ఇంకా పెద్ద బంధనం, కాబట్టి ఆ నిఘా రెగ్యులేషన్ మొత్తం చెల్లదు అన్నారు. 1962 లో అన్నారండి ఈ మాట. అప్పటికి ఇంట్లో కంప్యూటర్ లేదు, వీధిలో సీసీ కెమెరా లేదు, చేతిలో సెల్ ఫోన్ లేదు. ఆరుగురిలో ఇద్దరు, ఓడిపోయారు. 55 ఏళ్ళ తర్వాత, 2017 ఆగస్టులో, పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది జడ్జీలు కూర్చుని ప్రైవసీ ప్రాథమిక హక్కే అన్నారు, ఆ రోజు సుబ్బారావు గారు చెప్పిందే సరైనదని రాశారు.

ఇక్కడ ఎవరో ఒకరు అడుగుతారు, ఎప్పుడూ అడుగుతారు, తప్పు చెయ్యనివాడికి భయం దేనికండీ అని. ఖరక్ సింగ్ ఏం తప్పు చేశాడు? సాక్ష్యం లేదని పోలీసులే వదిలేశారు కదా! హైదరాబాద్ బస్తీల్లో కార్డన్ సెర్చ్ అని తెల్లవారుజామున తలుపులు కొట్టి బండి కాగితాలు, ఆధార్ కార్డులు అడిగారే, ఆ ఇళ్ళవాళ్ళు ఏం తప్పు చేశారు? బస్తీలోనే ఎందుకు చేస్తారు, పెద్దపెద్ద గేటెడ్ కమ్యూనిటీల్లో అలా తలుపులు కొట్టారని ఎప్పుడైనా విన్నారా? 2021 లో హైదరాబాద్ రోడ్ల మీద కుర్రాళ్ళని ఆపి ఫోన్ లాక్కుని వాట్సాప్ లో గంజాయి అనే మాట ఉందా అని వెతికారు, ఆ వీడియోలు మీరూ చూసే ఉంటారు. అందులో ఒక్కడంటే ఒక్కడు, సార్ ఏ సెక్షన్ కింద నా ఫోన్ అడుగుతున్నారు అని అడిగాడా? అడగలేరు. నడిరోడ్డు మీద, యూనిఫాం ముందు, ఇరవై ఏళ్ళ పిల్లాడు ఎలా అడుగుతాడు? వాణ్ణి తప్పుపట్టలేం. మనం, చదువుకున్నవాళ్ళం, వాడి తరఫున అడగాల్సినవాళ్ళం, వార్త చూసి మంచి పని చేశారు అనుకున్నాం. అదీ నా బాధ.

రెండో కేసు పాస్‌పోర్టు గురించి. ఇవాళ గోదావరి జిల్లాల్లో ఏ వీధికెళ్ళినా ఒక పిల్లాడు అమెరికాలోనో ఒక అమ్మాయి కువైట్ లోనో ఉంటుంది. 1967 కి ముందు పాస్‌పోర్టు ఇవ్వాలా వద్దా అన్నదానికి చట్టమే లేదని మీకు తెలుసా? ప్రభుత్వం దయతలిస్తే ఇస్తుంది, లేకపోతే లేదు, ఎందుకివ్వలేదని అడిగే హక్కు లేదు, ఇచ్చింది వెనక్కి ఇచ్చెయ్యమంటే ఇచ్చెయ్యాలి. సత్వంత్ సింగ్ సాహ్నీ అని మోటారు విడిభాగాల వ్యాపారం చేసే ఆయన్ని ఇలాగే 1966 లో పాస్‌పోర్టు వెనక్కిచ్చెయ్యమన్నారు. ఆయన కోర్టుకెళ్తే 1967 ఏప్రిల్ 10 న ముగ్గురు ఇద్దరి తేడాతో సుబ్బారావు గారి బెంచ్ తీర్పిచ్చింది. విదేశానికి వెళ్ళడం మనిషి వ్యక్తిగత స్వేచ్ఛలో భాగం, దాన్ని ఆపాలంటే చట్టం ఉండాలి, చట్టమే లేకుండా ఇతనికిస్తాం అతనికివ్వం అనడం కుదరదు అన్నారు. అదే ఏడాది జూన్లో పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం చేసింది. చెయ్యక తప్పలేదు.

ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ప్రభుత్వానికి పాస్‌పోర్టు ఆపే అధికారం ఉండకూడదని ఆయన అనలేదు. నేరం చేసి పారిపోయేవాణ్ణి ఆపాల్సిందే. ఆపే ముందు రాసుకోండి, ఎవరు ఆపొచ్చు, ఏ కారణాలకి ఆపొచ్చు, ఆపితే మనిషి ఎవరి దగ్గర మొర పెట్టుకోవాలి, ఇవన్నీ ముందే అందరికీ తెలిసేలా రాయండి అన్నారు. గోదావరి గట్టు ఎండాకాలం కోసం కట్టరు కదండీ, వరద కోసం కడతారు. అధికారానికి హద్దు కూడా అంతే, మంచి మంత్రి ఉన్నరోజు దాని అవసరం మనకి తెలియదు.

ఇప్పుడు గోలక్‌నాథ్. ఇక్కడ కొంతమందికి కోపం వస్తుంది, రానివ్వండి, మాట్లాడుకుందాం. పంజాబ్ లో, జలంధర్ దగ్గర, గోలక్‌నాథ్ కుటుంబానికి 500 ఎకరాలు దాటిన భూమి. చట్టం ప్రకారం అన్నదమ్ములకి తలా 30 ఎకరాలు, కౌలుదార్లకి కొంత, మిగతాది మిగులు భూమి అన్నారు. 1967 ఫిబ్రవరిలో పదకొండుమంది జడ్జీల బెంచ్, ఆరుగురు ఒకపక్క ఐదుగురు ఒకపక్క, ఆ ఆరుగురికీ సుబ్బారావు గారు పెద్ద. ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు రాజ్యాంగ సవరణ చేసి కూడా తగ్గించకూడదు అన్నారు. భూస్వాముల జడ్జి అని ఆయన్ని తిట్టారు. ఇప్పటికీ తిడతారు. కానీ ఆ కేసులో గోలక్‌నాథ్ కుటుంబానికి ఏం దొరికింది? ఏమీ దొరకలేదు! అప్పటిదాకా జరిగిన భూసంస్కరణలు అలాగే ఉంటాయి, నా మాట ఇక ముందు చేసే సవరణలకి అన్నారాయన. పంచిన భూమి ఒక్క సెంటు వెనక్కి పోలేదు. తిట్టేవాళ్ళు ఈ ముక్క చెప్పరు.

నా అభిప్రాయం అడిగితే, సవరించనే కూడదు అనడం కొంచెం దూరం వెళ్ళడమే. తర్వాత 1973 లో కేశవానంద భారతి కేసులో ఏడుగురు ఆరుగురి తేడాతో, సవరించొచ్చు కానీ రాజ్యాంగం మూల స్వరూపాన్ని కూలగొట్టకూడదు అన్నారే, అది ఇంకా బాగుంది. మన హైదరాబాద్ జడ్జి, జస్టిస్ పి. జగన్మోహన్ రెడ్డి గారు ఆ ఏడుగురిలో ఒకరు. కానీ గోలక్‌నాథ్ లేకపోతే కేశవానంద లేదు. పార్లమెంటుకి కూడా ఒక గీత ఉండాలి అని మొదట గట్టిగా అన్నది గోలక్‌నాథ్ తీర్పే.

ఆయన చేసిన ఒక పని మాత్రం నాకు నచ్చదు, అది దాచడం ఇష్టం లేదు. పాస్‌పోర్టు తీర్పిచ్చిన మర్నాడే, ఏప్రిల్ 11 న, చీఫ్ జస్టిస్ పదవికి రాజీనామా చేసి ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి ఎన్నికలో నిలబడ్డారు. మే లో జాకీర్ హుస్సేన్ గారి చేతిలో ఓడిపోయారు, ఆయనకి 3,63,971 ఓట్ల విలువ, జాకీర్ హుస్సేన్ గారికి 4,71,244. గెలవడం ఓడడం కాదు సంగతి. నిన్నటిదాకా ప్రభుత్వం మీద తీర్పులిచ్చిన మనిషి ఇవాళ ప్రతిపక్షం అభ్యర్థి అయితే, వెనకటి తీర్పుల్ని కూడా జనం అనుమానంగా చూస్తారు. అధికారపు ఆకర్షణ ఎంత బలమైనదో చూడండి, జీవితమంతా దానికి హద్దులు గీసినాయన్ని కూడా అది పిలిచింది, ఆయన వెళ్ళారు. ఆయన మీద నాకున్న గౌరవం తగ్గదు. కానీ ఇది చెప్పకుండా ఆయన గురించి మాట్లాడితే భజన అవుతుంది. వ్యక్తిపూజ గురించి అంబేద్కర్ గారు 1949 నవంబర్ 25 న రాజ్యాంగ సభలో హెచ్చరించారు, రాజకీయాల్లో భక్తి పతనానికి, ఆఖరికి నియంతృత్వానికి దారి అని. మనం రెండు రాష్ట్రాల్లోనూ ఆ హెచ్చరికని ఎంత చక్కగా పాటిస్తున్నామో మీకు తెలుసు, నాకు బాధగా ఉంటుంది, ఫ్లెక్సీలు చూసినప్పుడల్లా.

సరే. ఇప్పుడు హద్దు లేకపోతే ఏమవుతుందో చూద్దాం. 1975. జూన్ 12 న అలహాబాద్ హైకోర్టు ఇందిరా గాంధీ గారి ఎన్నిక చెల్లదంది. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ. క్యాబినెట్ కి చెప్పింది ఎప్పుడో తెలుసా? సంతకం అయిపోయాక, మర్నాడు పొద్దున్న. పిల్లలూ, ఇది రాసుకోండి, దేశంలో ప్రజాస్వామ్యం ఆపేసే కాగితం మీద సంతకం పడుతుంటే ఆ ప్రభుత్వంలో మంత్రులకే తెలియదు. ఆగస్టులో ఏం చేశారు? ప్రధాని ఎన్నిక కేసు ఆగస్టు 11 న సుప్రీంకోర్టుకి రావాలి. 7 న లోక్‌సభ, 8 న రాజ్యసభ, 9 న రాష్ట్రాల అసెంబ్లీలు, 10 న రాష్ట్రపతి సంతకం, ప్రధాని ఎన్నిక మీద కోర్టులు మాట్లాడకూడదని రాజ్యాంగ సవరణ అయిపోయింది. నాలుగు రోజులు! మన ఊళ్ళో ఇంటి ప్లాన్ అప్రూవల్ కి ఎన్ని నెలలు తిప్పుతారో మీకు తెలుసు కదా. ఇంకో బిల్లు కూడా రాజ్యసభ దాటింది, ప్రధాని పదవిలో ఉన్నవాళ్ళ మీద, రాష్ట్రపతి, గవర్నర్ల మీద జీవితాంతం క్రిమినల్ కేసు పెట్టకూడదని, పదవిలోకి రాకముందు చేసినవాటికి కూడా పెట్టకూడదని. లోక్‌సభలో ఎందుకో ఆగిపోయింది. కానీ అంతదూరం ఆలోచన వెళ్ళింది చూడండి. ఎన్నిక సవరణలోని ఆ ముక్కని నవంబర్లో సుప్రీంకోర్టు కొట్టేసింది, దేన్ని పట్టుకుని? మూల స్వరూపాన్ని పట్టుకుని.

కిందిస్థాయిలో ఏం జరిగిందో కూడా చూడాలి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్లు, 1976-77 లో టార్గెట్ సుమారు 43 లక్షలు. చేసినవి 81 లక్షలు దాటాయి. టార్గెట్ కి దాదాపు రెట్టింపు ఎందుకు చేశారు? పైనవాడు అడిగినదానికంటే ఎక్కువ చేసి చూపిస్తే మెచ్చుకుంటాడని రాష్ట్రాలు పోటీపడ్డాయి, జిల్లాలు పోటీపడ్డాయి, టీచర్ల జీతాలు ఆపి కేసులు తెమ్మన్నారు. పైనున్న మనిషి చెడ్డది అనుకుని మనం ఆగిపోతాం, కింద లక్షలమంది మామూలు ఉద్యోగులు, మనలాంటివాళ్ళు, ఇది చేశారు. అడిగేవాడు లేనప్పుడు మామూలు మనిషి కూడా అలా మారిపోతాడు. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

మన రాష్ట్రంలోనూ. 1975 డిసెంబర్ 1 న నక్సలైట్ ఉద్యమంలో ఉన్న భూమయ్య, కిష్టాగౌడ్ లని ఉరి తీశారు. వాళ్ళ రాజకీయం నాది కాదు, హింసతో నేను ఏకీభవించను. కానీ కోర్టుల నోరు నొక్కి, పత్రికల మీద సెన్సార్ పెట్టిన రోజుల్లో ఇద్దరు మనుషుల ప్రాణం తియ్యడం, దాని గురించి జనం మాట్లాడుకోడానికి కూడా లేకపోవడం, దాన్ని మీరు ఏమంటారు?

అప్పుడు జైల్లో పెట్టినవాళ్ళ కేసులు సుప్రీంకోర్టుకి వచ్చాయి. ఏడీఎం జబల్పూర్ కేసు అంటారు, ఎమర్జెన్సీలో విచారణ లేకుండా జైల్లో పెట్టినవాళ్ళు కోర్టుకి రావచ్చా అన్నది అందులో ప్రశ్న. జస్టిస్ హెచ్.ఆర్.ఖన్నా ప్రభుత్వ లాయర్ని అడిగారు, ఒక పోలీసు అధికారి పగతో ఒకణ్ణి చంపేస్తే కూడా కోర్టుకి రాకూడదా అని. అటార్నీ జనరల్ నిరేన్ డే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం దారి లేదు, మీ మనస్సాక్షికీ నా మనస్సాక్షికీ ఇది దెబ్బే కానీ చట్టం అదే అన్నారు. 1976 ఏప్రిల్ 28 న నలుగురు జడ్జీలు సరే అన్నారు. అందులో ఒకరు, జస్టిస్ బేగ్, అలా జైల్లో పెట్టినవాళ్ళకి మంచి తిండి పెడుతున్నారు, మంచి వసతి ఇస్తున్నారు, ప్రభుత్వం వాళ్ళని చూసుకునే తీరు దాదాపు తల్లి ప్రేమలా ఉంది అని రాశారు. తల్లి ప్రేమ! తీర్పులో ఉందండి, చదవండి. కాదన్నది ఖన్నా ఒక్కరే. దానికి ఆయనకి రావాల్సిన చీఫ్ జస్టిస్ పదవి 1977 జనవరిలో బేగ్ గారికి ఇచ్చారు, ఖన్నా రాజీనామా చేసి వెళ్ళిపోయారు. ఆ తీర్పొచ్చిన ఎనిమిది రోజులకి, మే 6 న, సుబ్బారావు గారు చనిపోయారు.

ఇక్కడితో ఆపేస్తే కాంగ్రెస్ వాళ్ళు చెడ్డవాళ్ళు, మిగతావాళ్ళు మంచివాళ్ళు అనుకుని మీరు ఇంటికెళ్తారు. అలా వెళ్ళనివ్వను. 1977 లో జనతా ప్రభుత్వం వచ్చింది. జైళ్ళలోంచి వచ్చినవాళ్ళు మంత్రులయ్యారు. స్వేచ్ఛ విలువ వీళ్ళకంటే ఎవరికి తెలుస్తుంది? జూలైలో ఇందిరా గాంధీ గారి కోడలు మేనకా గాంధీ పాస్‌పోర్టు వారం రోజుల్లో అప్పజెప్పమని ఉత్తరం వచ్చింది. కారణమేంటండీ అని ఆవిడ అడిగితే, ప్రజా ప్రయోజనాల దృష్ట్యా కారణం చెప్పం అన్నారు. పార్టీ మారింది, మనుషులు మారారు, ఆఫీసులో భాష మారలేదు. ఆవిడ కోర్టుకెళ్తే 1978 జనవరిలో వచ్చిన తీర్పు ఏం చేసింది? మనిషి ప్రాణానికీ వ్యక్తిగత స్వేచ్ఛకీ రక్షణ ఇచ్చే 21 వ అధికరణంలో చట్టం చెప్పిన పద్ధతి అంటే ఏదో ఒక పద్ధతి కాదు, న్యాయమైన పద్ధతి కావాలి, అవతలి మనిషి మాట వినాలి అంది. సుబ్బారావు గారి పాస్‌పోర్టు తీర్పు మీద నిలబడి, దాన్ని దాటి వెళ్ళింది. ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ భగవతి ఎవరు? జబల్పూర్ కేసులో ఆ నలుగురిలో ఒకరు. ఎమర్జెన్సీ పెట్టినావిడ కోడలికి, ఎమర్జెన్సీలో జైలుకెళ్ళినవాళ్ళ ప్రభుత్వం మీద గెలిచే దారి ఆ హద్దే ఇచ్చింది. ఆ జనతా ప్రభుత్వమే 44 వ సవరణ చేసి 20, 21 అధికరణాల్ని ఎమర్జెన్సీలో కూడా ఆపడానికి లేకుండా చేసింది, మంత్రివర్గం రాసి ఇస్తేనే ఎమర్జెన్సీ పెట్టాలంది, అదీ చెప్పాలి. అదే సవరణతో ఆస్తిహక్కుని ప్రాథమిక హక్కుల్లోంచి తీసేసింది, అది నాకు నచ్చలేదు.

1984 ఆగస్టు సంగతి అడుగుతున్నారు అక్కడ, ఎన్టీ రామారావు గారి ప్రభుత్వాన్ని గవర్నర్ దించేసింది. దానికి ఇంకో సభ కావాలండి, గవర్నర్ల గురించి విడిగా మాట్లాడుకుందాం.

ఇక ఒక ప్రశ్న తీసుకుంటాను. అమ్మా, మీరు అడగండి. ... బలమైన ప్రభుత్వం లేకపోతే పేదవాడికి ఎవరు దిక్కు అంటున్నారు. మంచి ప్రశ్న అమ్మా. ప్రభుత్వం వద్దని నేననడంలేదు. పోలీసు కావాలి, కోర్టు కావాలి, ఆస్పత్రి కావాలి. కానీ ఆస్తిహక్కు ఎందుకు నచ్చలేదన్నానో చెప్తాను వినండి. ఒక రైతుకి ఎకరంన్నర ఉంటుంది. కూతురి పెళ్ళికి అమ్ముదామని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్తాడు. మీ సర్వే నంబర్ 22ఎ లో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో ఉందండి, రిజిస్ట్రేషన్ అవ్వదు అంటారు. ఎప్పుడు పెట్టారు? తెలీదు. ఎందుకు పెట్టారు? ఎమ్మార్వో ఆఫీసులో అడగండి. అక్కడికెళ్తే ఆర్డీవో, అక్కడికెళ్తే కలెక్టరేట్. తాత నాటి పట్టా, పాస్ బుక్, శిస్తు రసీదులు సంచిలో పెట్టుకుని తిరుగుతుంటాడు. అన్నిచోట్లా తిరిగాక, బయట టీ కొట్టు దగ్గర ఒకడు దగ్గరికొచ్చి, పని అవుతుంది కానీ ఖర్చవుతుంది అంటాడు. ఆ ఖర్చు ఎక్కణ్ణించి పుట్టింది? నోటీసు లేకుండా, కారణం రాయకుండా నంబర్ ఎక్కించగలిగే అధికారంలోంచి పుట్టింది. జమీందారుకి లాయరుంటాడు, ఎమ్మెల్యే ఉంటాడు, ఫోన్ చేస్తే పని అవుతుంది. హద్దు లేని అధికారం కింద ముందు నలిగేది ఆ సంచీ పట్టుకుని తిరిగేవాడే. నంబర్ ఎక్కించే ముందు ఆ రైతుకి నోటీసివ్వండి, కారణం కాగితం మీద రాసివ్వండి, ఇన్ని రోజుల్లో తేల్చండి, తేల్చకపోతే బాధ్యత ఫలానా అధికారిది అని రాయండి. ఇదే నేనడిగేది. ఇలా అడిగితే ప్రభుత్వం బలహీనమైపోతుందని ఎలా అంటామమ్మా?

రెండో ప్రశ్న అటు వెనకాల, ఆ తెల్ల చొక్కా బాబుకి మైక్ ఇవ్వండి.